పదకొండు మీటర్ల గీత

సీకాయగెడ్డ క్యాంపు,
6 నవంబరు 2023

మార్తత్తయ్యకు ఇవాన్ వందనాలు.

ఫోన్ చేస్తే మీకు వినపడదు. వినపడినా ఇక్కడ సిగ్నల్ ఉండదు. కాబట్టి ఇకనుంచి మనిద్దరికీ ఉత్తరాలే. ప్రతి సోమవారం మా జీపు సరుకుల కోసం పార్వతీపురం వెళ్తుంది, దాంట్లో పంపుతాను. నా చేతిరాత చూసి తిట్టుకుంటారని తెలుసు. ముప్పై అయిదేళ్లు ట్రేసర్‌గా, ఇంజనీర్ల పెన్సిల్ గీతలను ఇంకుతో ఎక్కిస్తూ, డ్రాయింగుల మీద అచ్చు వేసినట్టు అక్షరాలు రాసిన మనిషికి ఇది చదవడం శిక్షే.

వచ్చి పది రోజులైంది. ఇది మా మావయ్య కట్టిన ఆనకట్ట అని ఇక్కడ వంటవాడి దాకా అందరికీ చెప్పేశాను. గేట్ల దగ్గరున్న శిలాఫలకం మీద కింది నుంచి రెండో పేరు: ఎం. జెరెమియా, జూనియర్ ఇంజనీరు. ఎప్పుడో సున్నం వేసినవాళ్లు ఆ పేరు మీద కూడా వేసేశారు. తాళంచెవితో గోకి శుభ్రం చేశాను. చేస్తుంటే మావయ్య పోయినప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

పని ఏమిటో చెబుతాను. ఆనకట్టను నాలుగు మీటర్లు ఎత్తు పెంచాలి. కింది పట్టణాల్లో ఏప్రిల్ వస్తే నాలుగు రోజులకోసారి నీళ్లు వదులుతున్నారు. పైన నాలుగు మీటర్ల గోడ పెట్టేస్తే చాలదు. నీటి మట్టం పెరిగితే తోపుడు పెరుగుతుంది, అందుకని నీళ్లు లేని వైపు, ఆనకట్ట వీపు పొడుగునా కొత్త కాంక్రీటు పోసి లావు చెయ్యాలి. ఆ బరువంతా పాత పునాదే మొయ్యాలి. పునాది ఎంత లోతుందో, కింద ఏముందో తేలితేనే మిగతా లెక్కలు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మావయ్య సైటు డైరీలు, ఆకుపచ్చ అట్టలవి, అలమర పైఅరలో ఉండేవి. మీ ఇంట్లో ఉండి చదువుకున్న నాలుగేళ్లూ వాటిని చూశాను కానీ ఆయన ఎప్పుడూ తెరవనివ్వలేదు. పునాది పోసిన 1983వ సంవత్సరానిది నాకు కావాలి.

ఆనకట్ట కిందనే జీలుగువలస అని తొంభై ఇళ్ల ఊరుంది. సాయంత్రమైతే పిల్లలు ఆనకట్ట మెట్లమీద కూర్చుని గట్టిగా ఎక్కాలు చదువుతారు. పదమూడో ఎక్కం దగ్గర అందరూ తప్పుతున్నారు.

వేళకు తింటున్నాను, నమ్మండి.
మీ మేనల్లుడు ఇవాన్


మౌలాలి,
14 నవంబరు 2023

ఇవాన్ బాబుకు అత్త దీవెనలు.

నీ ఉత్తరం పక్కింటి విజయమ్మ చేతికి అందింది. “ఏందక్కా, ఈ కాలంల ఉత్తరమేంది? పెండ్లి పత్రికనా?” అంటూ తెచ్చి ఇచ్చింది. మా మేనల్లుడు రాశాడంటే కూర్చుని కవరు రెండు వైపులా చూసి, స్టాంపు బాగుందని మెచ్చుకుని వెళ్లింది.

చెవి మిషను మార్పించాను. కొత్తదాంట్లో రైలు కూత, కుక్కర్ విజిల్ బ్రహ్మాండంగా వినిపిస్తున్నాయి. మనుషుల మాటలు మాత్రం నీళ్లలోంచి వచ్చినట్టున్నాయి. పోయిన ఆదివారం పాస్టరుగారి ప్రసంగం అంతా విని, చివర్లో ఏమర్థమైందని ఆలోచిస్తే “దుప్పట్లు” అన్న ఒక్క మాటే మిగిలింది. చలికాలం విరాళాల సంగతి అయివుంటుంది.

డైరీల మాట. మీ మావయ్య పోయాక అలమర సర్దినప్పుడు చాలా కాగితాలు పాత పేపర్లవాడికి వేసేశాను. అవీ వాటితో పోయినట్టున్నాయి. మళ్లీ వెతకమని అడగకు, మోకాళ్లతో స్టూలెక్కలేను.

నాకొకటి అర్థం కాదు నాన్నా. అది నలభై ఏళ్ల పాత కట్ట. దాన్నే పెంచాలా? నీళ్లు కావాలంటే కింద ఇంకెక్కడైనా కొత్త చెరువు తవ్వుకోకూడదా? నీకైనా ఆ కొండల్లో ఉండాల్సిన ఖర్మేమిటి? ఏ.ఎస్. రావు నగర్‌లో మీ ఆఫీసు మనింటికి ఆటోలో అరగంట. మీ పై ఇంజనీరు సత్యదేవ్‌గారిని అడిగితే ఈ పని ఇంకొకరికి ఇవ్వరా? అడిగి చూడు.

స్వెట్టరు వేసుకో. మీ నాన్నకు నేను ఇలా రాశానని చెప్పకు.

నీ మేలు కోరే
మార్తత్త


సీకాయగెడ్డ,
27 నవంబరు 2023

అత్తయ్యా, వందనాలు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఈ పని వచ్చిందని తెలిసిన రోజు ఆఫీసులో మిఠాయి పంచాను. మావయ్య కట్టినదాన్ని పెద్దది చేసే అవకాశం ఎంతమందికి దొరుకుతుంది? మీరేమో వదిలేసి వచ్చెయ్యమంటున్నారు. మావయ్య జ్ఞాపకార్థ కూడికకు అక్టోబరులో నేను రాలేదని కోపమా? ఆ వారం నన్ను సైటు చూడటానికి పంపారు. చెప్పాను కదా. అయినా మీ మనసులో ఉండిపోయిందేమోనని అనుమానంగా ఉంది.

డైరీలు పోతే పోయాయి. ఇక్కడి స్టోరు గదిలో రేకు పెట్టెలో పాత డ్రాయింగులు దొరికాయి. పలచటి ట్రేసింగ్ గుడ్డ మీద ఇంకుతో గీసినవి. చెదలు ముట్టలేదు. ఎడమ వైపు పునాది షీటు చూస్తే ప్రాణం లేచి వచ్చింది. ఆనకట్ట ఎడమ చివర కొండలోకి చొచ్చుకుపోయే చోట, పదకొండు మీటర్ల లోతున గట్టి రాయి దాకా కాంక్రీటు పోసినట్టు స్పష్టంగా ఉంది. కింద మావయ్య సంతకం. ట్రేసర్ పేరు రాసే గడిలో ‘ఎం’ అన్న పొడి అక్షరం చూసి ఎగిరి గంతేశాను. అది మీరే కదూ! డ్రాయింగులు వేసే మా కుర్రాళ్లకు చూపించి, ఇది మా అత్తయ్య చెయ్యి అని గొప్పలు పోయాను.

ఇంత మంచి రికార్డు ఉంది కాబట్టి ఆరు బోర్లు వేసి నమూనాలు చూస్తే చాలని సత్యదేవ్‌గారు అన్నారు. బోర్లు వేసే ఆయన పేరు సాయిబాబు, బొబ్బిలి దగ్గరివాడు, యాభై దాటి ఉంటాయి. కిందినుంచి తీసిన రాతి కడ్డీలను చంటిపిల్లల్ని పడుకోబెట్టినట్టు పెట్టెల్లో వరసగా పెడతాడు.

కోపం లేదని ఒక్క ముక్క రాయండి.
ఇవాన్


మౌలాలి,
6 డిసెంబరు 2023

బాబూ ఇవాన్,

కూడికకు రాలేదని నాకు కోపమా? ఆ రోజు వచ్చిన పదిమందికీ పులిహోర సరిపోక నేను విజయమ్మ ఇంటినుంచి ఉప్మా తెచ్చి పెట్టాను. నువ్వు వచ్చుంటే ఇంకా ఇరకాటం. ఆ ఆలోచన తీసెయ్యి.

చర్చికి రంగు వేస్తున్నారు. ఏ రంగని కమిటీలో మూడు వారాలు వాదించుకుని చివరికి పాతదే ఖాయం చేశారు.

ఇవాన్, నేనొకటి చెబుతాను, వింటావా? ఎడమ వైపు రెండు మూడు బోర్లు ఎక్కువ వేయించు. వీపు వైపు, కొండ మొదలయ్యే చోట. అక్కడ గోడకు చెమ్మ ఉందా? వానలు వెళ్లాక కూడా నీరు ఊరుతుందా? అక్కడివాళ్లను అడిగి చూడు. కాగితం మీద గీసింది చూసి మురిసిపోకు. గీసేవాళ్లం కుర్చీల్లో కూర్చుని గీస్తాం, భూమి లోపలికి చూసి గీయం.

ఎందుకు అని అడగొద్దు. ముసలిదాని భయం అనుకో.

అత్త


సీకాయగెడ్డ,
8 జనవరి 2024

అత్తయ్యకు నూతన సంవత్సర శుభాకాంక్షలు.

ఆలస్యానికి క్షమించండి. ఇక్కడ పెద్ద గొడవైంది. మీకైతే చెప్పుకోవచ్చు.

మీరు అన్నారని ఎడమ వైపు ఇంకో బోరు వేయించాను. సాయిబాబు మూడు రోజులు వేసి లాగ్ పుస్తకం తెచ్చి ఇచ్చాడు. ఎనిమిది మీటర్ల వరకు కాంక్రీటు, ఆ తర్వాత దాదాపు మూడు మీటర్లు పచ్చటి బంకమట్టి అని రాసుంది. పదకొండు వరకు కాంక్రీటు ఉన్నచోట మట్టి ఎలా వస్తుంది?

“నువ్వు చోటు తప్పి వేశావు. లేదా కడ్డీలు విరిగిపోతే ఏదో మట్టి తెచ్చి పెట్టెలో పెట్టావు,” అన్నాను.

“నేదు బాబూ. నా సేత్తో తీసినాను. మీరొచ్చి సూడండి, వేలితో నొక్కితే దిగిపోతంది,” అన్నాడు.

“డ్రాయింగులో కాంక్రీటు ఉంది.”

“డ్రాయింగు నాను సూడనేదు బాబూ. నాను సూసింది మట్టి.”

అంత మొండిగా అదే మాట. ఆ డ్రాయింగు వేసింది మా మావయ్య అని చెప్పాను. ఆయన అబద్ధం రాయించే మనిషి కాదనీ చెప్పాను. సాయిబాబు చేతులు తుడుచుకుని నిలబడ్డాడు. కాంట్రాక్టరుతో మాట్లాడి అతన్ని పనిలోంచి తీయించేశాను. నమూనాలు తారుమారు చేశాడని రాసి ఇచ్చాను. ఇక ఈ పక్కన అతనికి ఎవరూ పని ఇవ్వరు. కొంచెం బాధగానే ఉంది, కానీ ఇలాంటి పనిలో ఒక్క అబద్ధం చాలు.

ఆ బోరును లెక్కలోంచి తీసేశాను. ఫిబ్రవరి పన్నెండున మా రిపోర్టు వెళ్తుంది. మావయ్య పేరు మీద మచ్చ పడకుండా చూశాను అత్తయ్యా. మీరు సంతోషిస్తారని రాస్తున్నాను.

ఇవాన్


మౌలాలి,
17 జనవరి 2024

ఇవాన్,

సాయిబాబు చెప్పింది నిజం.

ఈ ఒక్క వాక్యం రాయడానికి రెండు రోజులు పట్టింది. మిగతాది త్వరగా రాసేస్తాను, మధ్యలో ఆగితే మళ్లీ ధైర్యం రాదు.

1983 జూన్. నాకు ఇరవై మూడేళ్లు. డిజైన్ ఆఫీసులో ట్రేసర్‌ని. మీ మావయ్య అప్పటికి నాకేమీ కారు. సైటునుంచి వానలో తడిసిన సంచీతో వచ్చిన జూనియర్ ఇంజనీరు, అంతే. ఎడమ వైపు పునాది పెన్సిల్ డ్రాయింగు ఇచ్చారు. అందులో కాంక్రీటు అడుగు ఎనిమిది మీటర్ల రెండు దగ్గర ఉంది. నేను ఇంకుతో గీసేశాను. మర్నాడు పొద్దున ఆయన మళ్లీ వచ్చారు. పెన్సిల్ గీత చెరిపేసి పదకొండు దగ్గర గీసి ఉంది. “ఇలా మార్చండి,” అన్నారు.

“నిన్న ఎనిమిది కదండీ?” అని అడిగాను.

“డిజైన్‌లో పదకొండే. వచ్చే సీజన్‌లో అంతవరకూ సరిచేస్తాం. అప్పటిదాకా కాగితం మీద ఉండనివ్వండి,” అన్నారు. నా మొహం వంక చూడలేదు.

నేను సగం బ్లేడు తీసుకుని ఇంకు గీకి, సుద్దపొడి రుద్ది, పదకొండు దగ్గర కొత్త గీత గీశాను. బాగా గీశాను. ఇవాళ నువ్వు మెచ్చుకుంటున్న గీత అదే. షీటును కిటికీకి ఆనించి చూడు, ఎనిమిది దగ్గర గుడ్డ పలచబడి కనిపిస్తుంది.

పెళ్లయ్యాక చెప్పారు. ఆ చోట రాళ్ల మధ్యన బంకమట్టి పొర లోతుగా దిగిపోయిందట. తవ్వుతూ ఉండగానే వానలు ముందే దిగాయి. కందకం నీళ్లతో నిండుతోంది. పైవాళ్లు మూసెయ్యమన్నారు. ఈయన మూసేశారు. వచ్చే సీజన్‌లో ఆ మట్టి పక్కలకు సిమెంటు పాలు ఎక్కించి గట్టిపరుద్దామనుకున్నారు. వచ్చే సీజన్‌కు ఆయన్ను వేరేచోటికి బదిలీ చేశారు. రెండుసార్లు పైకి రాశారు, జవాబు లేదు. మూడోసారి రాయలేదు.

ఏటా ఆగస్టులో చర్చి సభలకని వారం రోజులు వెళ్లేవారు, నీకు గుర్తుండాలి. సభలూ లేవు ఏమీ లేవు. సీకాయగెడ్డ వెళ్లి, ఆ గోడనుంచి ఊరే నీటి కింద డబ్బా పెట్టి, ఎంతసేపటికి నిండుతుందో చూసి వచ్చేవారు. పెళ్లయిన అయిదో ఏడు నాకు తెలిసింది. ఆ రోజు ఒక మాట అడిగాను: “నేను ఎవరికీ చెప్పకుండా ఉండాలనే నన్ను చేసుకున్నారా?” “ఆ ఆఫీసులో ‘నిన్న ఎనిమిది కదా’ అన్నది నువ్వొక్కదానివే, అందుకని చేసుకున్నాను,” అన్నారు. ఆ జవాబుతో నేను ఇన్నేళ్లు బతికాను. సగం రోజులు నమ్మాను, సగం రోజులు నమ్మలేదు.

డైరీ పోలేదు. నా ట్రంకులో, పెళ్లిచీర కింద ఉంది. నీకు అబద్ధం రాశాను.

ఎందుకు దాచానో చెబితే సాకులా ఉంటుంది. ఆయనకు మంచి పేరు ఉండిపోయింది. నువ్వు ఆయన్ను చూసి ఇంజనీరు అయ్యావు. నలభై ఏళ్లు కట్ట నిలబడింది, ఇక నిలబడుతుందిలే అనుకున్నాను. నువ్వు దాన్ని పెంచుతావని అనుకోలేదు.

కానీ ఒక మనిషి కళ్లతో చూసింది చూసినట్టు రాసి, నా గీత వల్ల అబద్ధీకుడయ్యాడు. అది నేను మొయ్యలేను. ముందు అతని దగ్గరికి వెళ్లు. ఆ తర్వాత నన్ను ఏమైనా అను.

మార్త


సీకాయగెడ్డ,
25 జనవరి 2024

అత్తయ్యకు,

షీటును కిటికీకి ఆనించి చూశాను. మీరు చెప్పినట్టే ఉంది.

నవంబరులో అడిగాను. డిసెంబరులో అడగొద్దన్నారు. మీరు ఒక్క ముక్క రాసుంటే సాయిబాబు ఇంకా ఇక్కడ ఉండేవాడు. అతన్ని నేను పదిమంది ముందు దొంగ అన్నాను.

దాచుకోకుండా చెబుతాను. మీ ఉత్తరం చింపేసి ఊరుకుందామనిపించింది. లెక్కలన్నీ పూర్తయ్యాయి. నాలుగు మీటర్లకీ సరిపోయాయి. పన్నెండో తేదీ రిపోర్టు వెళ్లిపోతే నాకు మంచి పేరు, మావయ్యకు పాత పేరు. ఉత్తరం చేతిలో పట్టుకుని గంటసేపు కూర్చున్నాను. కింద జీలుగువలసలో ఎవరి ఇంటికో కొత్త రేకులు కొడుతున్నారు. ఆ చప్పుడు ఆగితే బాగుండునని ఎదురుచూశాను, ఆగలేదు.

నాకు కొన్నాళ్లు ఉత్తరాలు రాయకండి.

ఇవాన్


సీకాయగెడ్డ,
5 ఫిబ్రవరి 2024

అత్తయ్యా,

రాయొద్దని నేనే అని నేనే రాస్తున్నాను.

శనివారం సాయిబాబు ఊరు వెళ్లాను. ఇంటి ముందు మోటారు విప్పుకుని బాగుచేస్తున్నాడు. నన్ను చూసి లేవలేదు. వాళ్లావిడ కుర్చీ వేసింది, నేను కూర్చోలేదు. మావయ్య గీత సంగతంతా చెప్పాను. చెప్పడం అయ్యాక అతను అడిగింది ఒకటే: “అయితే అది మట్టేనా బాబూ?”

“మట్టే.”

“మా ఇంటిదాయితో నాను సెప్పినాను. అదీ నమ్మనేదు. ‘పెద్ద సదువులోలు తప్పుసెప్తారేటి, నువ్వే తాగేసి సూసుంటావ్’ అంది. ఇప్పుడు దానికి మీరు సెప్పండి.”

లోపలికి వెళ్లి ఆవిడకు చెప్పాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అతని వంక చూసింది. అంత సిగ్గు నాకు ఎప్పుడూ వెయ్యలేదు. నేను రాసి ఇచ్చిన కాగితం తప్పని ఇంకో కాగితం రాసి, కాంట్రాక్టరుకూ మా ఆఫీసుకూ పంపాను. బుధవారం నుంచి అతను మళ్లీ పనిలోకి వస్తాడు. ఇంకో నాలుగు బోర్లు వేస్తాడు.

రిపోర్టు ఆపి కొత్తగా రాశాను, రేపటికల్లా ఆఫీసుకు అందుతుంది. పునాది ఎనిమిదిన్నర లోపే ఉందనీ, అప్పటి జూనియర్ ఇంజనీరు తప్పు రికార్డు చేశాడనీ రాశాను. పేరు రాశాను. మీ పేరు రాయలేదు. ట్రేసర్ ఇచ్చింది గీస్తుంది, అంతే కదా. ఆ ‘ఎం’ ఎవరని ఎవరూ అడగరు. డైరీ ఎవరికీ చెప్పకుండా కొరియర్‌లో నాకు పంపండి. స్టోరులోనే దొరికిందంటాను.

ఇవాన్


మౌలాలి,
6 ఫిబ్రవరి 2024

ఇవాన్ బాబుకు,

రాయొద్దన్నావు. ఈ ఒక్కసారికి మన్నించు. నువ్వు ఆ ఉత్తరం చింపేస్తావో ఉంచుతావో నాకు తెలియదు. చింపినా నిన్ను తప్పు పట్టలేను, నేను నలభై ఏళ్లు అదే చేశాను. కాబట్టి నీకోసం ఆగకుండా ఇవాళ మీ ఆఫీసుకు వెళ్లాను.

విజయమ్మ తోడొచ్చింది. “ఒక్కదానివి ఎట్ల పోతవక్కా, నేను సుత వస్తా. నీకు వినపడనిది నేను వింట,” అంది. ఆటోలో దారిపొడుగునా డైరీ సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. “ఏమున్నదక్కా గందుల, గంత గట్టిగ పట్టుకున్నవ్?” అంటే, మావారు ఉన్నారన్నాను.

సత్యదేవ్‌గారు మర్యాదస్తుడు. నాకు వినపడదని తెలిశాక ప్రశ్నలు కాగితం మీద రాసి ఇచ్చారు. మొదటి ప్రశ్న: ఇవాన్ పంపాడా? లేదన్నాను. రెండోది: ఇది బయటపడితే మీ భర్తకు అపకీర్తి కదా, ఆలోచించారా? దానికి నేను డైరీ తెరిచి జూన్ తొమ్మిదో పేజీ చూపించాను. “8.2 దగ్గర కాంక్రీటు. కింద బంకమట్టి. వాన. మూసేశాం.” అంతే ఉంది.

ఆయన చాలాసేపు చదివి, ఒక తెల్లకాగితం నా ముందు పెట్టారు. ఎడమ వైపు గీసి చూపించమన్నారు. నా చెయ్యి ఇప్పుడు వణుకుతుంది, నీకు తెలుసు. గీత వంకరగా వచ్చింది. ఎనిమిది పాయింట్ రెండు దగ్గరే వచ్చింది. కింద నా పూర్తి పేరు రాసి సంతకం పెట్టాను. నా పెన్షన్ ఏమైనా అవుతుందా అని అడగాలనుకుని అడగలేదు.

బయటికొచ్చాక విజయమ్మ చెరుకురసం తాగించింది. మిషను సరిగ్గా పనిచేసిందో ఏమో, దారిలో ఆటోవాడు పాడుకుంటున్న పాట మొత్తం వినపడింది.

నువ్వు మాట్లాడకపోయినా ఫర్వాలేదు. తిను.

అత్త


సీకాయగెడ్డ,
20 మే 2024

అత్తయ్యకు వందనాలు.

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకుని వెళ్లాయి. నేను మీ పేరు దాచిన రిపోర్టు, మీరు మీ పేరు రాసిచ్చిన కాగితం ఒకే రోజు సత్యదేవ్‌గారి బల్లమీదకు చేరాయట. నేను పార్వతీపురం వెళ్లినప్పుడు ఆయన ఫోన్ చేసి, “మీ ఇంట్లోవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోరా?” అని అరిచారు. అప్పుడే నాకు సంగతి తెలిసింది. ఆ రోజే రాయాల్సింది. రాయలేకపోయాను. మీమీద కోపం పోవడానికి కొన్ని వారాలు పట్టింది. నామీద ఉన్నది ఇంకా పోలేదు.

జరిగిందంతా చెబుతాను. నాలుగు మీటర్ల ప్లాను పక్కన పెట్టారు. ముందు ఎడమ వైపు బాగుచేస్తారు. అది పూర్తయ్యాక రెండు మీటర్లు మాత్రం పెంచొచ్చేమో చూస్తారు. ఈ వానాకాలమంతా నీటిమట్టం తగ్గించి ఉంచమన్నారు. కింది పట్టణాలవాళ్లు ధర్నా చేశారు, నీళ్లిస్తామని చెప్పి మోసం చేశారని. ఒకాయన మా జీపు అద్దం పగలగొట్టాడు. అతని ఇంటికీ నాలుగు రోజులకోసారే నీళ్లొస్తాయి, అతన్ని ఏమనగలం? జీలుగువలసవాళ్లకు విషయం చెప్పడానికి బడిలో కూర్చోబెట్టాం. ఒక ముసలామె లేచి, “అయితే ఇన్నాళ్లూ మేం దేని కింద తొంగున్నాం నాయనా?” అని అడిగింది. ఆ పునాది వేయించిన జెరెమియాగారి మేనల్లుణ్ణని చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను.

మీ పెన్షన్‌కు ఏమీ కాదని సత్యదేవ్‌గారు కనుక్కున్నారు.

ఇప్పుడు అసలు విషయం. పునాది అడుగు చూడటానికి గోడ వెనక గొయ్యి తవ్వాం. ఎనిమిది మీటర్లు దిగేసరికి పదమూడు రోజులు పట్టింది. పోయిన వారం నేనూ సాయిబాబూ నిచ్చెన మీద దిగాం. కాంక్రీటు అడుగు కనపడింది. కింద పచ్చటి మట్టి. ఆ రెండింటి మధ్యన ఇనుము.

ట్రాలీ పట్టాలు అత్తయ్యా. క్వారీనుంచి రాళ్లు తెచ్చే చిన్న బళ్లు నడిచే పట్టాలు. మట్టి పొరకు అటూ ఇటూ ఉన్న గట్టి రాతిలోకి రంధ్రాలు కొట్టి, వాటిలోకి దూర్చి, మట్టిమీద వంతెనలా పరిచి, ఆపైన కాంక్రీటు పోశారు. మాకు కనిపించినంత మేర ఇరవై రెండు లెక్కపెట్టాను. ఏ డ్రాయింగులోనూ లేవు. డైరీలోనూ లేవు. స్టోరు పుస్తకంలో వెతికితే, ఆ జూన్‌లో ‘వరదలో కొట్టుకుపోయిన ట్రాలీ పట్టాలు’ అని ఒక పద్దు ఉంది, మావయ్య సంతకంతో. తిరిగి ఇచ్చెయ్యాల్సిన సర్కారు పట్టాలు. ఊడబీకి ఇక్కడ వేశారు. నలభై ఏళ్లు ఆ మూల కూలకుండా ఉండటానికి సగం కారణం అవేనని మా లెక్కలో తేలింది. కానీ తుప్పు సగం తినేసింది. ఎత్తు పెంచి ఉంటే మొదటి పెద్ద వరదకే ఆ మూల నిలిచేది కాదు.

సాయిబాబు ఒక పట్టా మీద తుప్పు గోటితో గీకి చూసి అన్నాడు: “ఇయ్యి ఏసినోడు శానా బయపడిపోనాడు బాబూ. తన నౌకరీకి బయపడినోడు ఇంత ఇనుము ఎయ్యడు. కిందున్నోలకోసం బయపడినాడు.”

మీకు రాయాలనిపించింది.

మీ ఇవాన్


మౌలాలి,
28 మే 2024

నాన్నా ఇవాన్,

నీ ఉత్తరం విజయమ్మ చేత పైకి చదివించుకున్నాను. అప్పటికే నేను చదివేశాను, ఇంకొకరి నోట వినాలనిపించింది. పట్టాల దగ్గరికి వచ్చేసరికి ఆమె ఆగిపోయి, “అక్కా, జెర నీళ్లు తాగుత,” అంది. నేనూ తాగాను.

వాన పడిన రోజుల్లో ఆయన అన్నం ముందు కూర్చుని కలుపుతూ కలుపుతూ తినకుండా లేచిపోయేవారు. విషయం బయటపడితే ఉద్యోగం పోతుందని భయమనుకున్నాను. రిటైరయ్యాక కూడా అలాగే ఉంటే, అలవాటైపోయిందనుకున్నాను. ముప్పై అయిదేళ్లు ఒకే కంచం పక్కన కూర్చుని, ఆయన భయాన్ని తప్పుగా చదివాను. పట్టాల మాట నాకైనా చెప్పుండొచ్చు. ఎందుకు చెప్పలేదో నాకు తెలియదు. చెబితే తన తప్పును తగ్గించుకున్నట్టవుతుందని అనుకున్నారేమో.

తగ్గదు కూడా. ఆ ముసలామె అడిగిన మాటకు జవాబు లేదు. మీ మావయ్య దగ్గరా లేదు, నా దగ్గరా లేదు. నువ్వు ఆయన పేరు చెప్పి ఆ బడిలో నిలబడ్డావు చూడు, అది మా ఇద్దరికీ చేతకాని పని.

సాయిబాబుకు నా వందనాలు చెప్పు. ఎప్పుడైనా ఇటు వస్తే మన ఇంట్లో భోజనం చెయ్యమను. వాళ్లావిడను కూడా తీసుకురమ్మను.

ఇంకొక్కటి. కొత్త డ్రాయింగు వేసేటప్పుడు పునాదిని ఎనిమిది పాయింట్ రెండు దగ్గరే గీయించు. కింద మట్టిని గీయించు. ఆ పట్టాలను కూడా గీయించు, ఇరవై రెండూ, తుప్పు ఎంత తిన్నదో అంత రాసి. ఉన్నది ఉన్నట్టు.

అత్త మార్త